పాలడబ్బాల పీట

మస్కట్ ఘుబ్రాలో మా గదికి ఎవరైనా వస్తే కూర్చోబెట్టడానికి ఉన్నది ఒక్కటే పీట. అది పాలపొడి డబ్బాలతో చేసింది. నడుమ ఒక డబ్బా, దాని చుట్టూ ఆరు డబ్బాలు నిలబెట్టి, ఫ్రిజ్ పెట్టెలకు చుట్టి వచ్చే పసుపుపచ్చ ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టింది పక్కగది అక్క. పైన గుండ్రంగా కోసిన అట్ట, ఆ పైన స్పాంజి ముక్కలు, వాటి మీద నా పాత నైలాన్ చీరతో కుట్టిన గలీబు. ఎంత లావు మనిషి కూర్చున్నా కిర్రుమనేది కాదు. మస్కట్‌లో మేమున్న ఏళ్ళలో ఎన్నో వస్తువులు విరిగాయి, పగిలాయి, పారేశాం. ఆ పీట మాత్రం చివరిదాకా ఉంది. దాని గురించి చెప్పాలంటే అక్క గురించి చెప్పాలి. అక్క గురించి చెప్పాలంటే నా బిడ్డ గురించి చెప్పాలి. అందుకే ఇన్నేళ్ళూ నోరు రాలేదు.

తొంభైల మొదట్లో సంగతి ఇది. మాది కరీంనగర్ వైపు. మా ఆయన ఏసీ మెకానిక్. ఆయన అర్బాబు, అంటే యజమాని, మంచివాడై ఫ్యామిలీ వీసా ఇప్పించాడు గానీ, మంచి ఇల్లు తీసుకునేంత జీతం మాత్రం ఇవ్వలేదు. ఒక ఒమానీ ముసలమ్మ ఇంటి వెనక, పెరట్లో, వరసగా రెండు గదులు. ఒకటి మాది. రెండోది అక్కా వాళ్ళది. వాళ్ళది జగిత్యాల దగ్గర పల్లె. బావ అమెరాత్‌లో ఇళ్ళు కట్టే కంపెనీలో డ్రైవర్. అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. పిల్లలు లేరు. వంటగది ఇద్దరికీ ఒకటే, నీళ్ళ కుళాయీ ఒకటే.

వచ్చిన మొదటి వారమే ఆమెతో నాకు గొడవైంది. ఖాళీ పాలడబ్బా చెత్తలో వేస్తే తీసుకుపోయి కడిగి ఎండబెట్టుకుంది. మాసిపోయిన బనియన్ పారేస్తే అదీ తీసుకుంది. నా కోపం సంగతి మా వైపు అందరికీ తెలుసు, ముక్కు మీదే ఉంటుంది.

"ఏందక్కా, మా చెత్త మీద పడ్డవు? ఎవరన్న సూస్తే ఏమనుకుంటరు?" అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు. "ఏమనుకుంటరు పిల్లా, దీనికి బుద్ధి ఉన్నదనుకుంటరు. గీ డబ్బా ఎంత గట్టిగున్నదో సూడు. మన దిక్కు గిసొంటిది దొరికితే పెండ్లి సామాన్ల పెడుతరు," అని నవ్వింది.

నాలుగు రోజులకు మా గుమ్మం ముందు ఒక కాళ్ళపట్ట కనిపించింది. చిరిగిన చీరలు పేలికలుగా చింపి, జడలల్లి, ఆ జడని చుట్టలు చుట్టలుగా తిప్పి కుట్టింది. ఎరుపు, నీలం, పసుపు. అంత అందమైన పట్ట రూవీ బజారు దుకాణాల్లో కూడా చూడలేదు నేను. దాన్ని తొక్కడానికి మనసొప్పక గోడకు తగిలిస్తే, "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది, కాళ్ళు తుడువ్," అని మళ్ళీ తీసి నేలమీద వేసింది. అప్పటినుంచి మా ఇద్దరికీ ఒకరు లేకపోతే ఒకరికి పొద్దుపోయేది కాదు. మగవాళ్ళు డ్యూటీకి పోగానే గుమ్మంలో కూర్చునేవాళ్ళం. పాత క్యాలెండర్ కాగితాలను సన్నగా చుట్టి, పిండి అంటించి, పూసలు చేసి, దారానికి గుచ్చి తలుపుకి తెర కట్టాం. బావ చిరిగిన ప్యాంట్లతో సంచులు కుట్టాం. ఆమె చేతిలో కత్తెర ఆగేది కాదు, నా నోరు ఆగేది కాదు.

నాకు అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఒకటి ఊళ్ళో, ఒకటి మస్కట్ వచ్చిన ఏడాదే. రెండోసారి పోయినప్పుడు నన్ను లేపి స్నానం చేయించి అన్నం తినిపించింది అక్కే. అమ్మ రాలేదు, రావడానికి వీసా ఏదీ, విమానం ఎక్కే ధైర్యం ఏదీ. ఈ రెండూ పోయాక అత్తగారి దగ్గర నుంచి వచ్చే మాటలు వేరేగా ఉండేవి. నేరుగా అనేవాళ్ళు కాదు, కానీ అనేవాళ్ళు. అందుకే మూడోసారి నెల తప్పినప్పుడు ఐదో నెల దాటేదాకా ఊరికి కబురే పంపలేదు. అక్కకు మాత్రం చెప్పాను. ఆమె నా మొహం పట్టుకుని, "ఈసారి ఏం గాదు. నేనున్నగదా. బిడ్డ మీద ఈగ వాలనియ్య," అంది. ఆ మాట మీద ఆ తొమ్మిది నెలలూ బతికాను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. బిడ్డ పుట్టకముందు బిడ్డకని ఏదీ కొనకూడదు. పుట్టాక కూడా ఇరవై ఒకటో రోజు తొట్టెల పండుగ చేసేదాకా కొత్తబట్ట తొడగకూడదు. పాతబట్టలే వాడాలి, అందులోనూ పెద్దవాళ్ళు కట్టి ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుబట్టలు. కొత్తది వేస్తే దిష్టి కొడుతుందంటారు. ఊళ్ళో అయితే ప్రతి ఇంట్లో దూలానికి వేలాడే మూటనిండా పాతబట్టలే. మస్కట్‌లో పాత నూలుబట్ట ఎక్కడిది? దుకాణం నిండా కొత్త బట్టలు, ఒంటిమీద అన్నీ జారిపోయే పాలిస్టర్లు.

అక్క ఇల్లిల్లూ తిరిగింది. తెలుగువాళ్ళు ఎవరు ఎక్కడ ఉన్నారో కనుక్కుని, పిల్లలు పుట్టి చల్లగా ఉన్న ఇళ్ళే ఎంచుకుని, పాత ధోతి, పాత లుంగీ, పాత చీర అడిగి తెచ్చింది. ఒకావిడ ముఖం మీదే తలుపు వేసిందట. "నేనేమన్న బంగారం అడిగిన్నా, పాతగుడ్డ అడిగిన. దానికే ఇంత మిడిసిపాటు," అని తిట్టుకుంటూ వచ్చింది. ఆ బట్టలన్నీ ఉడకబెట్టి, ఎండలో వేసి, పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టింది. చెయ్యి పెడితే వెన్నలా ఉండేది. మా ఆయన బనియన్లు కత్తిరించి పిర్రగుడ్డలు చేసింది. తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసి చిన్న దిండు కుట్టింది. ప్లాస్టిక్ పట్టీలు అల్లి తొట్టె చేసింది, తాడు కూడా వాటితోనే పేనింది. "నీ బిడ్డ రాజు లెక్క పడుకుంటడు. ఒక్క పైస ఖర్చు లేదు," అని మురిసిపోయేది. ఆ మురిపెం చూస్తే ఒక్కోసారి కడుపుతో ఉన్నది నేనా ఆమెనా అనిపించేది.

మా ఆయన మాత్రం ఉండబట్టలేక మత్రా బజారులో ఒక పసుపుపచ్చ గౌను కొన్నాడు. మెడచుట్టూ తెల్ల లేసు. ఆడపిల్లే పుడుతుందని ఆయన లెక్క. నేను చూసి ఒంటికాలి మీద లేచాను. "నీకు బుద్ధుందా? రెండు పోయినయ్, చాలలేదా?" అన్నాను. ఆయన ఆ గౌనుని బట్టల పెట్టె అడుగున, పేపరు కింద దాచాడు. తొట్టెల రోజున తీద్దామన్నాడు.

జనవరిలో ఆడపిల్ల పుట్టింది. తెల్లగా, తలనిండా జుట్టుతో, పిడికిళ్ళు బిగించుకుని. ఇంటికి తీసుకొచ్చిన రోజు అక్క గుమ్మంలోనే ఆపి దిష్టి తీసి, బొంతలో చుట్టి, "ఎంత కోపముందో సూడు మొకంల, తల్లి పోలికే," అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు నొప్పి పెట్టాయి. ఆ నొప్పి కూడా బాగుంది.

ఆ వారం మస్కట్‌లో ఎన్నడూ లేనంత చలి. వానలు పడ్డాయి, కొండల మీద నుంచి ఈదురుగాలి. గల్ఫ్‌లో చలేమిటి అని ఊళ్ళో నవ్వుతారు గానీ, సిమెంటు దిమ్మెల గది, నేల చల్లదనం, బాలింత ఒళ్ళు. ఆ చలికి నాకు ఎముకలు కొరికినట్టుండేది. అమ్మ నెలలు లెక్కపెట్టుకుని, ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత ముందే క్యాసెట్ పంపింది. టేప్‌రికార్డర్ పెట్టి నేనూ అక్కా విన్నాం. అమ్మ గొంతు, వెనక కోళ్ళ అరుపులు.

"బిడ్డా, పైలం. గాలి సోకనియ్యకు. చెవుల్ల దూది పెట్టుకో. తానం చేసినంక ఇద్దరికి ఊదు పట్టియ్యున్రి. మంచం కింద కుంపటి తియ్యకున్రి. గాలి సోకితె బాలెంతకు వాతమొస్తది, బిడ్డకు పక్కలెగరేస్తది. ఆడ నీకెవరు జేస్తున్నరో ఏమో..."

అక్క టేప్ ఆపింది. ఏడుస్తోంది. "నేను జేస్తున్న అమ్మా," అని టేప్‌రికార్డర్‌కే జవాబు చెప్పింది.

ఆ సాయంత్రమే ఆమె కుంపటి చేసింది. పెద్ద నూనె డబ్బా తీసుకుని, బావ రేకుకత్తెరతో పై సగం కోసి, అంచు చేతికి తగలకుండా లోపలికి మడిచి, అడుగున ఇసుక పోసింది. పక్కల గాలి ఆడటానికి మేకుతో చిల్లులు పెట్టింది. ఊరికే చిల్లులు పెడితే ఆమె అక్క ఎలా అవుతుంది, చుట్టూ పూల వరస వచ్చేట్టు పొడిచింది. ప్రతి పువ్వుకీ రేకులు, నడుమ ఒక చుక్క. నిప్పులు వేస్తే ఆ పూలు ఎర్రగా వెలిగేవి. చీకట్లో గోడమీద పూల నీడలు పడేవి, బిడ్డ వాటివైపే చూస్తున్నట్టు ఉండేది.

ఇక గాలి. చలికాలమని ఏసీ పెట్టె తీసేస్తే గోడకు పడ్డ కంతకు మా ఆయన ప్లైవుడ్ కొట్టి, చుట్టూ స్పాంజి కూరి, టేపు అంటించాడు. ఏసీ పనివాడు, సందు మూయడం ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు? కిటికీ రెక్కల సందుల్లో అక్క పేలికలు దూర్చింది. తలుపు కింద ఇంకా సన్నగా గాలి వస్తోందన్నాను. మర్నాటికల్లా మా ఆయన పనికి తొడిగే కంపెనీ డాంగ్రీ ప్యాంటు కాలు ఒకటి కోసి, ఇసుక, గుడ్డపీలికలు కూరి, రెండు చివర్లూ కుట్టి, పొడుగాటి దిండు చేసి తలుపు కింద ఆనించింది. దానికి కళ్ళుగా రెండు గుండీలు కూడా కుట్టింది. "కావలి కుక్క," అంది. ఆ కుక్క బాగానే కాసింది. గదిలోకి గాలన్నది రాలేదు.

ఇంటి ముసలమ్మ ఒకరోజు బిడ్డను చూడటానికి వచ్చింది. ఖర్జూరాలు, ఒక పొట్లంలో సాంబ్రాణి తెచ్చింది. వాళ్ళ దేశంలో పండే సాంబ్రాణి, మా ఊదు కంటే మంచి వాసన. గదిలోకి అడుగు పెట్టగానే ముక్కు చిట్లించింది. మంచం కిందకి వంగి కుంపటి చూసింది. చప్పున లేచి తలుపు బార్లా తీసి, కాలితో ఆ గుడ్డకుక్కను అవతలికి తన్ని, అరబ్బీలో ఏదో గట్టిగా చెప్పింది. చెయ్యి ఊపి నిప్పుల వైపు, తలుపు వైపు చూపించింది. తలుపు తీసి ఉంచమంటోందని ఇద్దరికీ అర్థమైంది. అర్థం కాక కాదు. తల ఊపాం, నవ్వాం, టీ ఇచ్చాం. ఆమె వెళ్ళగానే అక్క తలుపు మూసింది.

"ముసల్దానికి ఏమెర్క బాలెంత సంగతి? వీళ్ళది ఇసుకల పుట్టిన పానం, గాలికి తట్టుకుంటరు," అంది.

నిజమే అనుకున్నాను. నేనూ కుంపటి పక్కన పెరిగినదాన్నే. మా అమ్మ, మా అమ్మమ్మ, ఊళ్ళో ప్రతి బాలింతా మంచం కింద నిప్పులు పెట్టుకున్నదే. కానీ మా ఊళ్ళో ఇల్లు అంటే పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి పొద్దున వెలుగు గీతలు గీతలుగా పడేది. దూలానికీ గోడకూ నడుమ పిచ్చుక దూరేంత సందు. తలుపు మూసినా ఆ ఇంటికి వెయ్యి ముక్కులుండేవి. ఇక్కడ మేము కష్టపడి, పాతబట్టలన్నీ పోగేసి, ఒక్కో ముక్కూ మూసేశాం.

రెండోవారంలో ఒక రోజు. బాగా వాన. పొద్దున బిడ్డకు నలుగు పెట్టి, నీళ్ళు పోసి, ఊదు పట్టి, బొంతలో చుట్టి తొట్టెలో వేసింది అక్క. నాకూ తలంటు పోసింది. కుంపటిలో మామూలుకంటే ఎక్కువ బొగ్గులు వేసింది, చలి ఎక్కువగా ఉందని. "కమ్మగా నిద్రపో. నేను వంట జేసి గుడ్డలుతికొస్త," అని తలుపు దగ్గరికి వేసి, బయట నుంచి ఆ గుడ్డకుక్కను కాలితో సందులోకి నెట్టిన చప్పుడు నాకు గుర్తుంది. వాన చప్పుడు గుర్తుంది. వెచ్చగా ఉంది. ఇంత సుఖం నాకు ఎన్నడూ లేదనుకున్నాను. నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి తల పగిలిపోతోంది. లేద్దామంటే కాళ్ళు నావి కావు. తొట్టె రెండు చేతుల దూరంలో ఉంది. బిడ్డ ఏడవడం లేదు. పాలవేళ దాటిందని నా రొమ్ములు సలుపుతున్నాయి, రవికె తడిసిపోయింది, అయినా బిడ్డ ఏడవడం లేదు. అక్కా అని పిలిచాననుకున్నాను. గొంతు బయటికి వచ్చిందో లేదో తెలియదు. మంచం మీద నుంచి దొర్లి కిందపడ్డాను. తొట్టె తాడు అందుకున్నాను, అంతే.

అక్క తలుపు తోసుకుని వచ్చింది. ఆ తర్వాతవన్నీ ముక్కలు ముక్కలుగానే తెలుసు. వానలో పెరట్లో పడుకోబెట్టారు నన్ను. మొహం మీద చినుకులు. అక్క అరుపు, మనిషి అరుపులా లేదు. ముసలమ్మ తలగుడ్డ జారిపోయి పరిగెత్తుకు రావడం. ముసలమ్మ కొడుకు పికప్. అక్క ఒళ్ళో బొంత. ఆమె ఆ బొంతలోకి వంగి ఊదుతూనే ఉంది, దారంతా ఊదుతూనే ఉంది.

ఆస్పత్రిలో నాకు ముక్కుకి గొట్టం పెట్టారు. డాక్టరు మన దేశంవాడే, హిందీలో అడిగాడు, గదిలో బొగ్గులు పెట్టారా, తలుపులు మూశారా అని. మా ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాడు, బట్టలకు గ్రీజు. ఆయన అవునన్నాడు. బొగ్గులు కాలితే ఒక విషపు గాలి వస్తుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. పెద్దవాళ్ళకు నిద్ర పట్టినట్టుంటుంది, పసిపిల్లల ప్రాణం పోవడానికి అంతసేపు కూడా పట్టదు. డాక్టరు మంచివాడు, మెల్లగానే చెప్పాడు. బిడ్డ ఎక్కడ అని నేను అడిగాను. మా ఆయన గ్రీజు చేతుల్ని బట్టలకు తుడుచుకుంటూనే ఉన్నాడు. అప్పుడు అర్థమైంది.

పోలీసులు ఇంటికి వచ్చారట. ఏం జరిగిందని అడిగితే అక్క లోపలికి పోయి కుంపటి తెచ్చి వాళ్ళ ముందు పెట్టిందట. నేనే చేశాను, నన్ను తీసుకుపొండి అందట, తెలుగులోనే. బావ చెప్పాడు ఈ మాట. ఆ పోలీసాయన డబ్బాని చేతిలోకి తీసుకుని, చుట్టూ తిప్పి, ఆ పూల చిల్లులు చూసి, మళ్ళీ కింద పెట్టేశాడట. ఆస్పత్రిలో నన్నూ అడిగారు. కుంపటి మా అమ్మ పెట్టమంది, నేను పెట్టించుకున్నాను, మా దేశంలో అందరూ పెట్టుకుంటారు అని చెప్పాను. అది ఆమె మీద దయతో అన్నది కాదు. ఆమె నా ముందు ఉండి ఉంటే ఆ క్షణంలో గొంతు పిసికేదాన్ని. కానీ అన్నమాట నిజమే. వాళ్ళు రాసుకుని వెళ్ళిపోయారు.

బిడ్డను తీసుకెళ్ళే ముందు మా ఆయన ఆస్పత్రికి వచ్చాడు. జేబులోంచి ఆ పసుపుపచ్చ గౌను తీశాడు. మడతలు కూడా విప్పలేదు. "వేద్దామా?" అన్నాడు. గుమ్మం దగ్గర అక్క నిలబడి ఉంది. పెద్దది కదా అని ఆయన ఆమె వైపు తిరిగాడు. ఇంకా తొట్టెల కాలేదు. ముగ్గురికీ తెలుసు. ఆయన గౌనుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నా బిడ్డ ఆ బొంతలోనే పోయింది. కొండల అవతల ఎక్కడో రాళ్ళనేల, మగవాళ్ళు నలుగురు వెళ్ళొచ్చారు. ఇంకేం దిష్టి తగులుతుందని భయపడ్డామో! దిష్టి తగలడానికి ఏం మిగిలింది? నా బిడ్డ ఊరూపేరూ తెలియని వాళ్ళ పాతగుడ్డల్లో వచ్చి, పాతగుడ్డల్లోనే పోయింది. ఒక్క కొత్త నూలుపోగు దాని ఒంటిమీద పడలేదు. ఇది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదో చెప్పలేను.

ఊరికి కబురు పోయింది. అమ్మ క్యాసెట్ వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "కుంపటితోని సావేంది బిడ్డా? మనమంత గట్లనే పుట్టినోళ్ళం గాదా? ఆ దేశం గాలి పడలే," అంది. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. చెప్పి చెప్పి నేనూ విసిగిపోయాను.

అక్కతో మాట్లాడటం మానేశాను. వంటగది ఒకటే కాబట్టి ఆమె వచ్చే వేళ చూసి నేను వెళ్ళేదాన్ని కాదు. ఒకసారి నేనుండగా వచ్చింది. "పిల్లా," అంది. అంతే అంది. నాకు ఏమైందో తెలియదు, చేతిలో ఉన్న గిన్నె గోడకేసి కొట్టాను. "పో నా కండ్ల ముంగటకెల్లి!" అని అరిచాను. పోయింది. ఆ తర్వాత ఆమె గదిలోంచి కత్తెర చప్పుడు వినలేదు నేను. పెరట్లో కడిగి బోర్లించిన డబ్బాలు అలాగే తుప్పు పట్టాయి. ఖాళీ డబ్బాలు మళ్ళీ చెత్తలోకి పోవడం మొదలైంది. పూసల తెర తీసేశాను. తొట్టెను మా ఆయన ఎక్కడ పారేశాడో అడగలేదు. పీట మాత్రం వాళ్ళ గుమ్మం ముందు పెట్టి వచ్చాను. ఇంట్లో ఉంచుకోలేకపోయాను. అది అక్కడే, బయటే, ఎండకు గలీబు వెలిసిపోతూ ఉండిపోయింది.

రెండేళ్ళకు మళ్ళీ చలికాలంలోనే కొడుకు పుట్టాడు. ఈసారి ఎవరి ఇంటికీ పాతబట్టల కోసం వెళ్ళలేదు. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు పెట్టె అడుగు నుంచి ఆ గౌను తీసి సంచిలో పెట్టుకున్నాను. మా ఆయన చూసి, సంచి అందుకున్నాడు. పుట్టిన రోజే, ఇంకా ఒళ్ళు ఆరకముందే, నర్సమ్మ చేత తొడిగించాను. మగపిల్లాడికి లేసు గౌనా అని ఆమె పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. దిష్టి కొడితే కొట్టనీ, వీడు కొత్తబట్ట కట్టాడు.

ఇంటికి వచ్చాక ఏసీ కంతకు ప్లైవుడ్ కొట్టనివ్వలేదు. కిటికీ తీసే ఉంచాను. తలుపు తీసే ఉంచాను. చలికి వణికేదాన్ని, పిల్లాడిని నా పొట్టకు అదుముకుని రెండు దుప్పట్లు కప్పుకునేదాన్ని. కానీ ఈదురుగాలికి తలుపు ధడాలున మూసుకుపోయేది. మూసుకుపోయిన ప్రతిసారీ లేచి తీసేదాన్ని, పడుకుంటే మళ్ళీ మూసుకునేది. రెండోరోజు అలా మూసుకున్నప్పుడు లేవబోతుంటే, నేను లేవకముందే తలుపు తెరుచుకుంది.

అక్క. చిక్కిపోయింది. ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో ఆ పాలడబ్బాల పీటను లాక్కొచ్చి తలుపుకి ఆనించింది. దాని మీద కూర్చుని, వీపు తలుపుకి ఆనించి, పెరటివైపు చూస్తూ ఉండిపోయింది. నా వైపు చూడలేదు. నేనూ పొమ్మనలేదు.

ఆ చలికాలమంతా రోజూ వచ్చింది. బావ డ్యూటీకి పోగానే వచ్చి అక్కడే కూర్చునేది. గాలికి తలుపు ఆమె వీపుని కొట్టేది. కదిలేది కాదు. వాన పడితే సగం తడిసేది. ముసలమ్మ చూసి ఒకరోజు శాలువా తెచ్చి ఆమె భుజాల మీద కప్పి పోయింది. నేను టీ పెట్టి ఇస్తే తాగేది.

తొట్టెల రోజు వచ్చింది. పేలాలు, బెల్లం, ఎవరినీ పిలవలేదు. పిల్లాడికి స్నానం చేయించి, బొట్టు పెట్టి, ఎత్తుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళాను. నాకు ఆమె మీద కోపం పోయిందని చెప్పను, పోలేదు. కానీ అన్ని రోజులూ ఆమె అలా తలుపు కాయడం చూసి చూసి, ఇంక నా వల్ల కాలేదు.

"ఎత్తుకో అక్కా," అన్నాను.

ఆమె పిల్లాడి మొహం చూసింది. మొదటిసారి చూడటం. చేతులు ముందుకు రాబోయాయి కూడా, నేను చూశాను. వాటిని వెనక్కి లాక్కుని కొంగు కింద దాచుకుంది.

"వద్దు పిల్లా. నా చేతులొద్దు," అంది. "నేను తలుపు పట్టుకుంట."